వణుకు తగ్గిందా, ఎలుక మగతలో ఉందా? జోనిసమైడ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 24

జోనిసమైడ్ అనే మూర్ఛ మందు చిట్టెలుకల్లో వణుకుని తగ్గిస్తుందా అని చూడటం మా ప్రాజెక్టు. దాని అనుమతి కోసం ఎథిక్స్ కమిటీ ముందు కూర్చున్నది పావుగంటే. అందులో పది నిమిషాలు జంతువుల సంఖ్య దగ్గరే అయిపోయాయి. ఐదు గ్రూపులు, గ్రూపుకి ఆరు, మొత్తం 30. ముందుగా చెయ్యి అలవాటు చేసుకోవడానికి ఇంకో నాలుగు. 34 స్విస్ ఆల్బినో చిట్టెలుకలు అన్నమాట (ల్యాబ్‌లో మేమంతా మైస్ అనే అంటాం). "40 అడగాల్సింది, ఎలాగూ కోస్తారు" అని సీనియర్ అక్క ముందే చెప్పింది. అడగలేదు. కోయలేదు కూడా.

మిగిలిన ఐదు నిమిషాల్లో బయటి నుంచి వచ్చిన సభ్యుడు ఫారం-బీ (మా దరఖాస్తు) మూసేసి ఒకే ప్రశ్న వేశారు. "అమ్మా, మూర్ఛ మందు ఇస్తే ఎలుక మగతగా ఉంటుంది. మగతగా పడుకున్న ఎలుక వణకదు. మీ మందు వణుకు తగ్గించిందో, ఎలుకని పడుకోబెట్టిందో ఎట్లా తెలుస్తుంది?"

రోటారాడ్ పెడుతున్నాం సర్ అన్నాను. తిరిగే కడ్డీ మీద ఎంతసేపు పడిపోకుండా నిలబడుతుందో చూసే పరీక్ష అది. "రోటారాడ్ ఒక రోజు, వణుకు ఇంకో రోజు. ఒకే క్షణంలో రెండూ చూడగలరా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. మా గైడ్ సర్ అందుకుని "చూస్తాం సర్" అనేశారు. బయటికొచ్చాక నా వైపు తిరిగి, "చూడాల్సింది నువ్వే" అన్నారు.

మత్తు కోసం డయాజెపామ్ గ్రూపు ఒకటి అదనంగా పెడితే పోలిక దొరుకుతుందని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇంకో ఆరు ప్రాణాలు, పైగా ఆ మందు తెప్పించడానికి వేరే అనుమతులు. కొలిచే పద్ధతి బాగుంటే ఆ గ్రూపు అక్కర్లేదని సర్ వాదించారు. అంటే భారమంతా ఇప్పుడు కొలిచే పద్ధతి మీద పడింది.

జూన్ 29

అసలు ఈ ప్రాజెక్టు ఎందుకో ఒక పేజీ రాసి పెట్టుకుంటే థీసిస్‌లో ఇంట్రడక్షన్‌కి పనికొస్తుంది.

మా మేనమామకి చేతులు వణుకుతాయి. ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఏమీ ఉండదు. గ్లాసు ఎత్తినా పెన్ను పట్టినా మొదలవుతుంది. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. పార్కిన్సన్స్‌లో తీరు వేరు, అక్కడ చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ వణుకుతుంది. ఒకసారి సంతకం కలవడం లేదని బ్యాంకులో మామయ్య చెక్కు వెనక్కి ఇచ్చేశారు. అప్పట్నుంచి ఆయన వేలిముద్రకి మారిపోయాడు, డిగ్రీ చదివిన మనిషి. పెళ్లిళ్లలో రెండు పెగ్గులు పడితే చెయ్యి కుదురుగా ఉంటుంది కాబట్టి తాగుడు వల్లే వణుకు అని చుట్టాలు తేల్చేశారు. నిజానికి ఈ జబ్బున్న చాలామందికి మద్యం కాసేపు వణుకు తగ్గిస్తుంది. డాక్టర్లు రోగిని అడిగే ప్రశ్నల్లో అదొకటి.

దీనికి మొదటి వరస మందులు రెండే. ఒకటి ప్రొప్రనలాల్, గుండె వేగం, బీపీ తగ్గించే బీటా బ్లాకర్. మామయ్యకి ఆస్తమా ఉంది కాబట్టి అది కుదరదు. రెండోది ప్రిమిడోన్, పాతకాలపు మూర్ఛ మందు. మూర్ఛ, వణుకు రెండూ ఉన్న ఒక రోగికి మూర్ఛ కోసం ప్రిమిడోన్ ఇస్తే వణుకు తగ్గింది. ఆ సంగతి 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అప్పట్నుంచి వాడుతున్నారు. చిక్కేమిటంటే మొదటి మాత్రకే కొందరికి తల తిరిగి, వాంతులై, నడక తూలిపోతుంది. మామయ్య రెండు రోజులు వేసుకుని మానేశాడు.

జోనిసమైడ్ కథ కూడా దాదాపు ఇలాంటిదే. జపాన్‌లో 1989 నుంచి మూర్ఛకి వాడుతున్న మందు. మూర్ఛతో పాటు పార్కిన్సన్స్ కూడా ఉన్న రోగికి ఇస్తే పార్కిన్సన్స్ లక్షణాలు తగ్గాయి. ఆ దారి పట్టుకుని వెళ్లి 2009లో అక్కడ పార్కిన్సన్స్‌కి కూడా అనుమతి ఇచ్చారు, అదీ మూర్ఛకి ఇచ్చే మోతాదు కంటే చాలా తక్కువ మోతాదులో. ఒక జబ్బుకి ఇచ్చిన మందు పక్క జబ్బు మీద పనిచేయడం, దాన్ని ఎవరో గమనించడం. నాకు ఈ రంగంలో బాగా నచ్చేది ఇదే.

జంతువుల్లో ఈ వణుకుని తెప్పించడానికి వాడేది హార్మలీన్. హర్మల్ అనే ఎడారి మొక్క గింజల్లో ఉంటుంది. యునానీ వైద్యంలో వాడే గింజే అది, ఇస్పంద్ అని కూడా అంటారు, దిష్టికి నిప్పుల మీద వేసి పొగ వేస్తారు. హార్మలీన్ మెదడు కాండం కింది భాగంలో ఇన్‌ఫీరియర్ ఆలివ్ అనే చోట పనిచేస్తుంది. అక్కడి కణాలకి సొంత లయ ఉంటుంది. హార్మలీన్ పడగానే అవన్నీ భజన బృందంలా ఒకే తాళంలో కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఆ తాళం చిన్న మెదడు మీదుగా కండరాలకి చేరుతుంది. ఆ కణాలు లయ పట్టడానికి టీ-టైప్ కాల్షియం ఛానెళ్లు (కణంలోకి కాల్షియం వెళ్లే సన్న దారులు) కావాలి. వాటిలో సీఏవీ 3.1 అనే రకం లేకుండా పుట్టించిన చిట్టెలుకలకి హార్మలీన్ ఇచ్చినా వణుకు రాలేదని 2010లో కొరియా పరిశోధకులు చూపించారు. జోనిసమైడ్ సోడియం ఛానెళ్లతో పాటు ఈ టీ-టైప్ ఛానెళ్లని కూడా అడ్డుకుంటుంది. మా ఊహకి ఆధారం అంతే. కొత్తది కూడా కాదు, జపాన్‌లో పెద్ద ఎలుకల (ర్యాట్స్) మీద, అమెరికాలో చిట్టెలుకల మీద జోనిసమైడ్‌తో హార్మలీన్ వణుకు తగ్గిందని ఇదివరకే చూశారు. మేం చూడాలనుకున్నది ఆ తగ్గడం ఎంతవరకు వణుకుది, ఎంతవరకు మగతది అని.

జూలై 9

మా కాలేజీలో వణుకుని కంటితోనే కొలుస్తారు. లేకపోతే 0, అప్పుడప్పుడు వస్తే 1, ఆగి ఆగి వస్తే 2, ఆగకుండా వస్తే 3. ఇద్దరం కూర్చుని వేసిన మార్కులు ఎప్పుడూ కలవవు. యంత్రం కొందామంటే ధర చూసి సర్ ల్యాప్‌టాప్ మూసేశారు.

మా తమ్ముడు ఈసీఈ మూడో సంవత్సరం. వాడికి చెప్తే "అక్కా, అది వంటింటి త్రాసు. అంతకన్నా ఏం లేదు" అన్నాడు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక లోడ్ సెల్ (బరువుని కరెంటు సంకేతంగా మార్చే ముక్క), ఆ సంకేతాన్ని చదివే హెచ్‌ఎక్స్711 అనే చిన్న ఆకుపచ్చ బోర్డు, ఆర్డ్వినో అనే బుల్లి కంప్యూటర్ తెచ్చాడు. లోడ్ సెల్ మీద యాక్రిలిక్ షీటు, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. లోపల చిట్టెలుక కదిలితే ప్లేటు మీద బరువు అటూ ఇటూ మారుతుంది. ఆ మార్పుని కంప్యూటర్ రాసుకుంటుంది. మొత్తం ఖర్చు మెస్ బిల్లు కంటే తక్కువ.

జూలై 13

ప్రాణి ఎక్కే ముందు డబ్బాని ఉత్త వణుకుతో పరీక్షించాలి కదా. తమ్ముడు పాత రేడియో స్పీకర్ ఒకటి ప్లేటు మీద అంటించి, సెకనుకి 12 సార్లు కొట్టుకునేలా పెట్టాడు. చిట్టెలుకలో హార్మలీన్ వణుకు దాదాపు ఆ వేగంలోనే ఉంటుంది. స్పీకర్ కోన్ గడగడ కొట్టుకోవడం కంటికి కనిపిస్తోంది. తెర మీద మాత్రం సెకనుకి రెండు సార్లు, పడవ ఊగినట్టు మెల్లగా ఊగే గీత.

లోడ్ సెల్ పోయిందేమో అనుకున్నాం. మార్చినా అదే గీత. 11 పెడితే తెర మీద 1. 13 పెడితే 3. సరిగ్గా 10 పెడితే గీత చదునుగా పడుకుంది, స్పీకర్ కొట్టుకుంటూనే ఉంది. అప్పుడు తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. ఆ బోర్డు సెకనుకి 10 సార్లే చదువుతోంది. సెకనుకి 12 సార్లు కదిలేదాన్ని 10 సార్లు చూస్తే మిగిలిన రెండే కనిపిస్తాయి. సినిమాల్లో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది కూడా ఇందుకే.

ఆ చిప్ 80 సార్లు కూడా చదవగలదు. దానికి 15వ కాలుని పక్కనున్న 16వ కాలుకి కలపాలి. మా బోర్డులో 15వ కాలు గ్రౌండ్‌కి అతికించి ఉంది. తమ్ముడు భూతద్దం కింద సన్న సోల్డరింగ్ మొనతో ఆ కాలుని వెంట్రుకవాసి పైకి లేపి, పక్కదానికి చుక్క సీసం పెట్టాడు. మొదటి బోర్డు కాలు విరిగిపోయింది. రెండోదానికి వచ్చింది. ఇప్పుడు 12 పెడితే 12.

ఇది ముందే దొరక్కపోయి ఉంటే? వణికే ఎలుకని పెట్టి, "సెకనుకి రెండు సార్ల మెల్లని ఊపు" అని రాసి, థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీద కట్టేసేదాన్ని.

జూలై 18

ఖాళీ డబ్బా వణుకుతోంది.

లోపల ఏమీ లేదు. అయినా గ్రాఫులో 15 హెర్ట్జ్ (అంటే సెకనుకి 15 సార్లు) దగ్గర చక్కని శిఖరం. మేం వణుకు కోసం చూసేది సరిగ్గా 9 నుంచి 16 మధ్యలో. కంప్రెసర్ ఆపాం, వాటర్ బాత్ ఆపాం, పక్క గదిలో షేకర్ ఆపాం. శిఖరం కదల్లేదు. చివరికి చెమట పట్టి సర్ ఫ్యాన్ పెంచారు, శిఖరం పైకి జరిగింది. ఫ్యాన్ నిమిషానికి 300 సార్లు తిరిగితే సెకనుకి ఐదు. రెక్కలు మూడు. డబ్బా మీద గాలి దెబ్బ సెకనుకి 15.

ఫ్యాన్ బంద్. డబ్బా కింద కడప బండ, బండ కింద పాత స్కూటర్ ట్యూబు సగం గాలితో. చూడ్డానికి మెకానిక్ షెడ్డులా ఉంది. ఖాళీ డబ్బా గీత ఇప్పుడు నిద్రపోతోంది.

జూలై 27

హార్మలీన్ వచ్చింది. ఆర్డరు పెట్టి ఎన్ని వారాలైందో రాయను, రాస్తే కోపమొస్తుంది. చిన్న సీసా, అడుగున చిటికెడు పసుపు పొడి. సీసా మీద హైడ్రోక్లోరైడ్ డైహైడ్రేట్ అని ఉంది. అంటే తూచే ప్రతి మిల్లీగ్రాములో కొంత హైడ్రోక్లోరైడ్, కొంత నీరు. అసలు హార్మలీన్ అణుభారం 214.26. ఈ రూపంలో 286.75. కిలోకి 20 మిల్లీగ్రాములు హార్మలీన్ పడాలంటే ఈ పొడి 26.8 మిల్లీగ్రాములు తూచాలి. మా డిపార్ట్‌మెంటులో పాత థీసిస్ ఒకటి తీసి చూశాను, ఆ సవరణ చేసినట్టు ఎక్కడా లేదు. అందులో వణుకు "ఓ మోస్తరుగా" వచ్చిందని రాసి ఉంది. వస్తుంది మరి.

నీళ్లలో కరిగిస్తే లేత పసుపు. యూవీ ల్యాంపు కింద పెడితే నీలి ఆకుపచ్చగా మెరిసింది. జూనియర్లు ఫోటోలు తీసుకున్నారు. వెలుగు తగలకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఆగస్టు 1

నాలుగింటిలో మొదటి రెండు. బరువు 24 గ్రాములు, 26 గ్రాములు. మెడ మీద చర్మం కింద ఇంజెక్షన్. ఒక్కోదానికి పావు మిల్లీలీటరు దాకా.

మొదటి ఐదు నిమిషాలు డబ్బా మూలలు వాసన చూస్తూ తిరిగింది. తర్వాత నడక మారింది. వీపు కొంచెం వంగింది, వెనక కాళ్లు వెడల్పుగా పెడుతోంది, తోక కర్రలా బిగుసుకుంది. చెవుల అంచులు మసకగా కనిపించాయి. కెమెరా ఫోకస్ పోయిందేమో అనుకుని లెన్సు తుడిచాను. చెవులే సన్నగా కొట్టుకుంటున్నాయి, కంటికి అందనంత వేగంగా. తర్వాత తల, తర్వాత ఒళ్లంతా. మీసాలు గాల్లో గీతలు గీస్తున్నట్టున్నాయి. చేత్తో పట్టుకుంటే సైలెంట్‌లో పెట్టిన ఫోను పట్టుకున్నట్టే ఉంది.

యానిమల్ హౌస్ కాకా పొట్టు మార్చడానికి వచ్చి నిలబడిపోయాడు. "గట్ల వణుకుతుందేంది బిడ్డా, సలి వెట్టిందా?" అన్నాడు. మందు అని చెప్పాను. "తగ్గుతదా మల్ల?" మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుందన్నాను. మధ్యాహ్నం అన్నం తిని, తగ్గిందో లేదో చూసుకోవడానికి ఆయనే మళ్లీ వచ్చాడు.

తెర మీద గీత 12 దగ్గర గోపురంలా లేచింది. తమ్ముడికి స్క్రీన్‌షాట్ పంపాను. వాడు బొమ్మలతో జవాబిచ్చాడు.

ఆగస్టు 3

రెండో రోజు మిగతా రెండూ చూశాక సంబరం దిగింది. ఒక చిట్టెలుక 20వ నిమిషంలో మూలకి వెళ్లి పొట్ట నేలకి ఆనించి పడుకుంది. గోపురం మాయం. దీనికి ఏ మందూ ఇవ్వలేదు, హార్మలీన్ ఒక్కటే. పెన్సిల్ వెనక రబ్బరుతో మెల్లగా కదిపితే లేచింది, లేవగానే వణుకు. మళ్లీ పడుకుంది, మళ్లీ మాయం.

అంటే ఈ వణుకు నిలబడ్డప్పుడు, నడిచినప్పుడు వచ్చేది. ఒళ్లు నేల మీద వదిలేస్తే రాదు. మామయ్య చేతిలాగే. కమిటీ సభ్యుడి ప్రశ్న ఎక్కడ పొడిచిందో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. మూర్ఛ మందు ఎలుకని కాస్త బద్ధకంగా చేసినా చాలు, అది ఎక్కువసేపు పడుకుంటుంది, వణుకు సగటు దానంతటదే పడిపోతుంది, నేను కాగితం మీద మందు గెలిచిందని రాసేస్తాను. కంటితో మార్కులు వేసినా అంతే.

లాస్ ఏంజెలెస్‌లో హాండ్‌ఫోర్త్ బృందం చిట్టెలుకల్లో వాడిన లెక్క ఒకటి ముందే పట్టుకున్నాం. వణుకు ఉండే పట్టీలోని (9 నుంచి 16 హెర్ట్జ్) కదలిక శక్తిని మొత్తం కదలిక శక్తితో భాగించడం. మొత్తం కదలికలో వణుకు వాటా ఎంత అన్నమాట. ఎలుక తక్కువ తిరిగితే పైనా కిందా రెండూ తగ్గుతాయి కాబట్టి ఉత్త బద్ధకం వల్ల వాటా మారకూడదు. మంచి ఉపాయం. కానీ పూర్తిగా పడుకుంటే భాగించేదీ భాగించబడేదీ రెండూ దాదాపు సున్నా. అప్పుడు వచ్చే అంకెకి అర్థం లేదు, స్కూటర్ ట్యూబు లీకు కూడా అందులో కలుస్తుంది.

రాత్రి మెస్‌లో సర్‌కి ఫోన్ చేసి చెప్పింది ఇది. వీడియో చూసి, పొట్ట నేలకి ఆనకుండా నాలుగు కాళ్ల మీద ఉన్న సెకన్లు మాత్రం విడిగా ఏరుదాం. వాటా ఆ సెకన్లలోనే లెక్కిద్దాం. అలాంటి సెకన్లు ఎన్ని ఉన్నాయో అది వేరే కాలమ్. మందు వణుకుని తగ్గిస్తే మొదటి కాలమ్ పడాలి, మత్తుగా చేస్తే రెండోది పడాలి. రెండూ ఒకే ఎలుకలో, ఒకే క్షణంలో. సర్ కాసేపు మాట్లాడలేదు. "నిమిషానికోసారి రబ్బరుతో కదపడం అన్నింటికీ ఒకేలా ఉండాలి" అన్నారు. ఒప్పుకున్నట్టే.

ఆగస్టు 13

జోనిసమైడ్ ఒక కంపెనీ నుంచి గిఫ్ట్ శాంపిల్‌గా వచ్చింది, నాణ్యత సర్టిఫికెట్‌తో సహా. నీళ్లలో సరిగ్గా కరగదు. అరశాతం సీఎంసీ (చిక్కదనం కోసం వాడే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పొడి) గంజిలో కలపాలి. సీఎంసీ పొడిని ఒక్కసారిగా నీళ్లలో వేస్తే ఉప్మాలో ఉండలు కట్టినట్టు కడుతుంది. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చిటికెడు చల్లి, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పలచని గంజిలా తయారవుతుంది. మందు పొడిని కల్వంలో కాస్త గంజితో నూరి, తర్వాత మిగతాది పోసుకుంటూ పోవాలి.

కిలోకి 25, 50, 100 మిల్లీగ్రాముల మోతాదులు, మూడు గ్రూపులకి. మిగతా రెండు గ్రూపుల్లో ఒకదానికి గంజి మాత్రమే, ఇంకోదానికి పోలిక కోసం ప్రొప్రనలాల్. మూడు సీసాలు పక్కపక్కన పెడితే ఏది ఏదో జూనియర్లకి కూడా తెలిసిపోతోంది, 100ది చిక్కటి మజ్జిగలా ఉంది. ఏది ఏ మందో తెలియకూడదని కోడ్‌లు పెట్టి ఇక ఏం లాభం? సిరంజీలకి తెల్ల టేపు చుట్టాం. మందు పట్టేది సీనియర్ అక్క, వీడియో చూసి సెకన్లు ఏరేది నేను. కోడ్ కాగితం సర్ బీరువాలో.

ఇంకో సంగతి. సిరంజీలో రెండు నిమిషాలు ఉంచితే మందు అడుగుకి దిగుతోంది. ఆరు ఎలుకలకి ఒకేసారి నింపి పెట్టుకుంటే మొదటిదానికి ఒక మోతాదు, ఆఖరిదానికి ఇంకో మోతాదు. ప్రతిసారీ సీసా ఊపి, అప్పటికప్పుడు తీసుకోవాలి. ఎవరూ రాయరు కానీ ఇలాంటివే ఫలితాల్ని తినేస్తాయి.

ఆగస్టు 19

ఈ వారం మందు మాత్రమే ఇచ్చి, హార్మలీన్ లేకుండా, రోటారాడ్, యాక్టోఫోటోమీటర్ (ఎలుక ఎంత తిరుగుతుందో లెక్కించే పరికరం) చూస్తున్నాం. వారం విరామం ఇచ్చి అవే జంతువులకి హార్మలీన్. హార్మలీన్ మాత్రం ఒక్కోదానికి ఒక్కసారే. మళ్లీ మళ్లీ ఇస్తే దానికి అలవాటుపడి వణుకు తగ్గిపోతుంది, అప్పుడు మందు వల్ల తగ్గిందో అలవాటు వల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి.

ఈ రోజు ఒకటి పోయింది. అక్క సెలవులో ఉంది, నేను పట్టాను. నోట్లోంచి పెట్టే గుండు మొన సూది గొంతులో సులువుగా జారితే సరైన దారి, అడ్డు తగిలితే ఆగాలి. అడ్డు తగిలింది. ఇంకొంచెం ఒంచితే పోతుందిలే అనుకున్నాను. ముక్కు దగ్గర తెల్లని బుడగ వచ్చింది. అరనిమిషం.

రిజిస్టర్‌లో కారణం దగ్గర "డోసింగ్ పొరపాటు" అని నా చేత్తోనే రాశాను. బదులు ఇంకోటి తీసుకోవడానికి లేదు, 34 అంటే 34. ఆ గ్రూపు ఐదుతోనే నడుస్తుంది. కాకా ఏమీ అనలేదు. సాయంత్రం దాకా నేనే పొట్టు మార్చాను.

ఆగస్టు 29

మూడు రోజుల్లో 29 పూర్తయ్యాయి. రోజూ అన్ని గ్రూపుల నుంచీ కొన్ని కొన్ని, ఒకే వేళకి. మందు పట్టాక గంటకి హార్మలీన్, పది నిమిషాలు ఆగి రికార్డింగ్. ఒంటి మీద పిక్రిక్ యాసిడ్ పసుపు చుక్కలు గుర్తుకోసం: తల, వీపు, తోక మొదలు. నా వేళ్లు కూడా పసుపే. హల్దీ ఫంక్షన్‌కి వెళ్లొచ్చావా అని హాస్టల్లో అడిగారు.

కొన్ని డబ్బాలో దిగగానే గోడలు ఎక్కుతున్నాయి, వణుకుతూనే. కొన్ని నడుస్తున్నాయి, చెవులు నిశ్చలంగా ఉన్నాయి. కొన్ని మూలకి చేరి, రబ్బరు తగిలితే రెండడుగులు వేసి మళ్లీ కూలబడుతున్నాయి. ఈ మూడో రకాన్ని చూస్తూ, కంటి మార్కులైతే వీటికి సున్నా వేసేసేదాన్ని కదా అని ఒక రెండుసార్లు అనుకున్నాను.

ఎలుకల సంగతి అడిగేవాళ్లు ఉంటారు. ప్రోటోకాల్‌లో రాసిన ప్రకారమే, నొప్పి తెలియకుండా. అంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 8

రోజుకి ఎనిమిది వీడియోలు, ఒక్కోటి అరగంట. పొట్ట ఆనిందా లేదా, సెకను సెకనుకి. బయట వినాయకుడి మండపం మైకు. ఈ మైకు పది రోజుల ముందు మొదలై ఉంటే మొత్తం ప్రయోగమే పోయేది. అంత చప్పుడులో చిట్టెలుకలు మామూలుగా ఉండవు. తేదీలు వేసేటప్పుడు పంచాంగం చూడమన్నది కాకానే.

నేను ఏరిన వాటిలో ఐదు వీడియోలు సర్ కూడా విడిగా ఏరారు. దాదాపు కలిశాయి. ఒకదాంట్లో బాగా తేడా వచ్చింది, తీరా చూస్తే అద్దం మీద నీటి చుక్కని నేను కాలనుకున్నాను.

సెప్టెంబర్ 14

బీరువా తెరిచారు.

ప్రొప్రనలాల్ గ్రూపులో వణుకు వాటా పడింది, నిలబడ్డ సెకన్లు గంజి మాత్రం తాగిన గ్రూపుతో సమానంగా ఉన్నాయి. అది పడకపోతే మా డబ్బానే అనుమానించాల్సి వచ్చేది. కాబట్టి ముందు ఊపిరి పీల్చుకున్నాం.

జోనిసమైడ్ 25: పెద్ద తేడా లేదు. చచ్చిపోయింది ఈ గ్రూపుదే, ఐదే ఉన్నాయి. ఆ ఒక్కటి ఉంటే ఏమైనా తేలేదా అంటే తేలేది కాదనే అనుకుంటున్నాను, కానీ అది నన్ను నేను ఓదార్చుకోవడం కూడా కావచ్చు.

50: మాకు కావలసిన బొమ్మ ఇక్కడుంది. వాటా తగ్గింది, సెకన్లు తగ్గలేదు. చెవులు నిశ్చలంగా పెట్టుకుని నడిచినవి ఎక్కువగా ఇవే. రోటారాడ్ మీద కూడా వీటికి ఇబ్బంది లేదు. అన్నీ కాదు, ఒకటి మాత్రం ఏ మందూ ఇవ్వనట్టే వణికింది.

100: వణుకు అన్నిటికంటే తక్కువ ఇక్కడే. పాత పద్ధతిలో అయితే ఇదే విజేత, మోతాదు పెరిగే కొద్దీ ఫలితం పెరిగిందని మెట్ల గ్రాఫు గీసేవాళ్లం. కానీ నిలబడ్డ సెకన్ల కాలమ్ కూడా పడిపోయింది. రెండింటిలో ఆ సెకన్లు ఎంత తక్కువంటే వాటి వాటా అంకెని నేను నమ్మను. మిగతావాటిలో వాటా తగ్గిన మాట నిజమే. అంటే మందు పని కొంత, మగత కొంత. ఎంతెంతో ఆరు జంతువులతో తేల్చలేం.

సర్ ఆ రెండింటినీ తీసేద్దామా అన్నారు. తీస్తే గ్రాఫు అందంగా వస్తుంది. కాసేపు ఆలోచించి ఆయనే వద్దన్నారు. తీయకుండా వేసి, ఎందుకు నమ్మడం లేదో కింద రాద్దామని నిర్ణయం. స్టాటిస్టిక్స్ ఇంకా చేయాలి, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయింది.

ఇదంతా ఒక్క డోసు, గంటల్లో వచ్చి పోయే వణుకు. మనిషికి ఉండేది ఏళ్ల తరబడి ఉండేది. హార్మలీన్ ఎలుకలో పనిచేసినవన్నీ మనిషిలో పనిచేయవు. ఈ వాక్యం థీసిస్‌లో పెద్ద అక్షరాల్లో ఉండాలని సర్ మాట.

సెప్టెంబర్ 16

మామయ్య ఫోన్ చేశాడు. అమ్మ చెప్పేసిందట. "ఏమ్మా, నీ ఎలుకలకి వణుకు తగ్గిందంట గదా. ఆ మందేదో నాక్కూడా రాయించు."

మనుషుల్లో ఈ వణుకుకి ఇంకా గట్టి రుజువు లేదు మామయ్యా, డాక్టర్ చెప్పకుండా వేసుకునేది కాదు అన్నాను. వదల్లేదు. మూర్ఛకి వాడుతున్న మందే కదా, కొత్తదేమీ కాదు కదా అని వాదన. అప్పుడు గుర్తొచ్చింది. జోనిసమైడ్ వేసుకునేవాళ్లలో కొందరికి కిడ్నీలో రాళ్లు ఏర్పడతాయి. మామయ్యకి మొన్న వేసవిలోనే రాయి తీశారు.

చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"సరే," అన్నాడు. "రాయి రాని మందు దొరికినప్పుడు చెప్పు. అప్పటిదాకా వేలిముద్రే."